లైపోసోమల్ డాక్సోరుబిసిన్ ఎక్కించుకునేవాళ్లకి ఏ జాగ్రత్తలు చెప్పాలి?

మీ అమ్మగారికి అండాశయ క్యాన్సర్ తిరగబెట్టిందనీ, కార్బోప్లాటిన్ అనే కీమో మందుకి ఇక లొంగట్లేదని లైపోసోమల్ డాక్సోరుబిసిన్ అనే ఇంకో కీమో మందు మొదలుపెడుతున్నారనీ రాశారు. ఇంట్లో ఏ జాగ్రత్తలు తీసుకోవాలని అడిగారు. మా అత్తయ్యకి గుంటూరులో ఇదే మందు ఎక్కించారు. తెలిసినవన్నీ చెప్తాను. కానీ ముందు ఒక్క మాట: ఆ జాగ్రత్తలు మీకు తెలిస్తే చాలదు, అమ్మగారికి తెలియాలి.

మా ఇంట్లో అత్తయ్య దగ్గర జబ్బు పేరే ఎత్తనివ్వలేదు. తెలిస్తే బెంగ పెట్టుకుంటారని మా బావగారి పట్టుదల. "బలానికి సెలైన్" అని చెప్పి తీసుకెళ్లేవాళ్లు. ఆస్పత్రిలో కూడా చెప్పాల్సినవన్నీ వరండాలో బావగారికే చెప్పారు. ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. అది స్కాన్ రిపోర్టులతో పాటు ఫైల్లోకి వెళ్లిపోయింది.

రెండో డోసు అయ్యేసరికి ఆవకాయ రోజులు వచ్చాయి. అత్తయ్య ఊరుకునే మనిషి కాదు. ముక్కలు తుడిచి, పెద్ద బేసిన్లో కారం, ఆవపిండి, ఉప్పు, నూనె పోసి, రెండు చేతులతో అడుగు నుంచి పైకి తిప్పుతూ కలిపారు. కొద్ది రోజులకే అరచేతులు ఎర్రగా కంది, వాచాయి. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలింది. "కారం మంట అమ్మాయ్, అదే తగ్గుతుంది" అని వెన్న రాసుకున్నారు. అడుగులు కూడా గోడ పట్టుకుని వేస్తుంటే, నీరసమనుకుని పక్కింటావిడ వేణ్నీళ్లలో ఉప్పు వేసి కాళ్లు పెట్టుకోమంది. రెండు పూటలా పెట్టుకున్నారు.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరుగారు చేతులు చూసి, "అరికాళ్లు కూడా మండుతున్నాయా అమ్మా?" అని అడిగారు. అత్తయ్య తెల్లబోయారు. కారం చేతులకి అంటుతుంది గానీ అరికాళ్లకి అంటదు కదా. అది ఆ మందు పని. వేడి, ఒత్తిడి, రాపిడి ఉన్నచోట సన్నటి రక్తనాళాల్లోంచి మందు చర్మంలోకి ఊరుతుందట. అందుకే అరచేతులు, అరికాళ్లు. మామూలుగా రెండో మూడో డోసు తర్వాత బయటపడుతుంది. డోసు వాయిదా వేసి, తర్వాత కాస్త తగ్గించి ఇచ్చారు. అత్తయ్య ఇంటికొచ్చి అన్నది ఒక్కటే: "ముందే చెప్పుంటే నీ చేత కలిపించేదాన్ని కదే." ఆవిడ బెంగ పెట్టుకోలేదు. అప్పటినుంచి ఆవిడంత జాగ్రత్తగా ఇంకెవరూ ఉండలేదు.

కాబట్టి అమ్మగారికే చెప్పండి. మందు ఎక్కించాక ఓ వారం పాటు పొగలు కక్కే నీళ్లతో స్నానం వద్దు, చల్లగానో గోరువెచ్చగానో చాలు. బట్టలు పిండటం, వేణ్నీళ్లతో అంట్లు తోమడం, ఎక్కువ దూరం నడవడం వద్దు. నూనె పెట్టి కాళ్లు మర్దనా చేయించొద్దు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి. క్రీము రాసినా మెల్లగా పూయాలి. బిగుతు చెప్పులు, గాజులు, ఉంగరాలు తీసేయాలి. మెట్టెలు తీయమంటే అత్తయ్య ససేమిరా అన్నారు, ఆవిడ బాధ నాకు అర్థమైంది. కొంచెం సాగదీసి వదులు చేశాం.

మొదటి డోసు ఎక్కేటప్పుడు మొహం వేడెక్కినా, ఛాతీ పట్టేసినా, నడుం నొప్పి వచ్చినా, ఆయాసం అనిపించినా ఓర్చుకోకుండా వెంటనే సిస్టర్‌ని పిలవాలి. ఆపి, సర్దుకున్నాక నెమ్మదిగా మళ్లీ ఎక్కిస్తారు, చాలామందికి అలా పూర్తవుతుంది. మందు ఎర్రగా ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా రావచ్చు. రక్తమేమోనని టెన్షన్ పడక్కర్లేదు. అంతకుమించి అలాగే ఉంటే చూపించండి. నోరు పూస్తే ఉప్పునీళ్లు పుక్కిలించి, మెత్తని చప్పిడి తిండి పెట్టండి. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా ఆస్పత్రికే, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. ఇది గుండెని దెబ్బతీసే అవకాశం ఉన్న రకం, అందుకే మొదలుపెట్టే ముందు ఎకో (గుండె స్కాన్) తీస్తారు. ఇదివరకు రొమ్ము క్యాన్సర్‌కో దేనికో డాక్సోరుబిసిన్ తీసుకుని ఉంటే తప్పకుండా చెప్పండి, ఆ లెక్క దీనికి కలుస్తుంది.

ఇక చుట్టాల సంగతి. "ఇక్కడి మందు పనిచేయదు, అమెరికా నుంచి డాక్సిల్ తెప్పించండి" అని ఫోన్లు చేసినవాళ్లున్నారు. డాక్సిల్ అంటే ఇదే మందుకి అక్కడి బ్రాండు పేరు. 2012లో అమెరికాలో డాక్సిల్ దొరక్క, అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మన సన్ ఫార్మా కంపెనీ తయారుచేసే ఇదే మందు లిపోడాక్స్‌ని తాత్కాలికంగా దిగుమతి చేసుకోనిచ్చింది. అక్కడి ఆడవాళ్లకి మన దేశపు సీసాయే దిక్కయింది. డోసు వాయిదా పడగానే "ఇంక చేతులెత్తేశారన్నమాట" అని మంచం పక్కనే గుసగుసలాడినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. చేతులు మానడానికి వాయిదా వేయడం వైద్యంలో భాగమే. ఈ మాట కూడా అమ్మగారికి ముందే చెప్పండి, లేకపోతే మందు ఆపేస్తారన్న భయంతో మంటను దాచుకుంటారు.

మొదటి డోసుకి వెళ్లినప్పుడు అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకునే అడగండి: రాత్రిపూట ఏ నంబరుకి ఫోన్ చేయాలి, రక్తపరీక్ష మళ్లీ ఎప్పుడు, చేతులు కాళ్లు ఎంత ఎర్రబడితే రావాలి. సిస్టర్ చెప్పింది అక్కడే తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ఆవిడ చేతికే ఇవ్వండి.