ఫ్లెక్సీ మీద నూరు శాతం.. బోర్డు దగ్గర ఎంత?

ప్రశ్న: మాది విజయవాడ. ‘పదో తరగతిలో నూరు శాతం ఉత్తీర్ణత’ అన్న ఫ్లెక్సీ చూసి, మా అబ్బాయిని ఓ ప్రైవేటు సీబీఎస్‌ఈ స్కూల్లో తొమ్మిదిలో చేర్పించాను. ఏడాదిన్నరైంది. ఆ సంవత్సరం చాలామంది తప్పారని ఇప్పుడు తెలిసింది. అప్పు చేసి ఫీజు కట్టాం, ఇంట్లో ఒకటే టెన్షన్. స్కూలు గుమాస్తా మార్కుల జాబితా ఇస్తానంటున్నాడు. దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి చీటింగ్ కేసు వేయవచ్చా? ఫీజు తిరిగొస్తుందా?
- ఒక తండ్రి

జవాబు: స్కూలు ఏమని ప్రకటించింది, బోర్డు రికార్డులో ఏముంది? మీ కేసు తేలేది ఈ తేడా మీదే. ఆ రెండింటికీ ఇవాళ మీ దగ్గర ఆధారం లేదు.

గుమాస్తా ఇచ్చే జాబితా ముట్టుకోవద్దు. అందులో ఉన్నవి ఇతరుల పిల్లల పేర్లు, మార్కులు. తప్పిన పిల్లాడి పేరు గ్రూపులో పెడితే వాళ్ల తల్లిదండ్రులే మీ మీద కేసు పెడతారు. చీటింగ్ కేసుకైతే మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. ఫ్లెక్సీ ఫొటో కూడా లేకుండా స్టేషన్‌కు వెళ్లి ఏం చూపిస్తారు?

అప్పు చేసి మరీ ఫీజు కట్టినవారు చేర్పించేముందు స్కూలు వెబ్‌సైట్ ఒక్కసారి తెరిచి చూడకపోవడం మీ అజాగ్రత్తే. సీబీఎస్‌ఈ అనుబంధ స్కూళ్లు ‘మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్’ పేజీ పెట్టి తీరాలి. గత మూడేళ్ల బోర్డు ఫలితాలు అందులో ఉండాలి: ఏ ఏడాది ఎంతమంది నమోదయ్యారు, ఎంతమంది పాసయ్యారు, శాతమెంత. ఈ రాత్రే ఆ పేజీ తెరిచి, తేదీ, వెబ్ చిరునామా కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. రేపు మార్చేస్తే మీకు దిక్కుండదు. కోర్టులో దాఖలు చేసేటప్పుడు ఆ స్క్రీన్‌షాట్ అసలుదేనని ధ్రువీకరించే, భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్య చట్టం) సెక్షన్ 63(4) సర్టిఫికెట్ జతచేయాలి, లేదంటే అవతలి లాయరు మొదటి అభ్యంతరం దాని మీదే లేవదీస్తాడు.

ఆ పేజీ లేకపోయినా, అంకెల మీద అనుమానం ఉన్నా, సీబీఎస్‌ఈకి 10 రూపాయలతో ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. స్కూలు అఫిలియేషన్ నంబరు, సంవత్సరం రాసి, ఎంతమంది నమోదయ్యారు, ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి కంపార్ట్‌మెంట్ (తప్పిన సబ్జెక్టు మళ్లీ రాయాల్సిన పరిస్థితి) వచ్చిందన్నదే అడగండి. పిల్లల పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పికొడతారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

ఇక ఫీజు సంగతి. వినియోగదారుల చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు. మీకు విషయం ఇప్పుడే తెలిసినా, స్కూలు మాత్రం చేరిన రోజు నుంచే లెక్కకడుతుంది. కాబట్టి మిగిలింది ఆరు నెలలే అనుకుని నడుచుకోండి. పైగా విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో తీర్పిచ్చింది. ఫీజు వస్తుందన్న నమ్మకంతో మళ్లీ అప్పు చేయకండి.

మీకు గట్టి దారి బోర్డే. ప్రకటన, బోర్డు అంకెలు పక్కపక్కన పెట్టి సీబీఎస్‌ఈకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నియమాలు మీరిన స్కూలు అనుబంధాన్ని రద్దు చేసే అధికారం కూడా బోర్డుకుంది. ఫిర్యాదు కాపీతో స్కూలుకు లాయరు నోటీసు పంపితే, ఫీజు గురించి మాట్లాడే పరిస్థితి అప్పుడు వస్తుంది.

ముందుగా ఫ్లెక్సీ ఫొటో సంపాదించండి. మీవాడితో చేరిన పిల్లల తల్లిదండ్రులను అడగండి. అడ్మిషన్లప్పుడు స్కూలు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు మీ ఫోన్లోనే ఉండొచ్చు. వాటిని తుడిచేయకండి, ఆ ఫోన్ మార్చకండి.