హెడ్ విప్పకముందే ఇంజిన్ మార్చమంటే ఒప్పుకోకు

భయ్యా, 2012 పెట్రోల్ బండి, మెహదీపట్నం ట్రాఫిక్‌ల టెంపరేచర్ ముల్లు రెడ్‌లోకి పోయింది, మెకానిక్ బానెట్ లేపి చూసి ఇంజిన్ మార్చాల్సిందే అన్నడు అని రాసినవు కదా. హెడ్, అంటే సిలిండర్ల మీద మూత లెక్క ఉండే భాగం, దించకుండ ఆ మాట అన్నడంటే ఊరికే అంచనాకి అన్నట్టే.

పోయిన ఎండాకాలం అత్తాపూర్ దాటంగనే మా బండి కూడా ఇట్లనే పొగలు కక్కింది, అక్కడికక్కడ ఆఫ్ చేసిన, దగ్గర్ల ఉన్న గ్యారేజీల సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఏపిస్త అన్నరు, నేను వద్దని టోయింగ్ పెట్టి ఆటోనగర్‌ల తెలిసిన ఉస్తాద్ దగ్గరికి తీస్కపోయిన. ఆయన ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లల్ల ఒత్తిడి, చూసిండు, పక్కపక్క సిలిండర్లు రెండింట్ల తక్కువొచ్చింది, అంటే వాటి నడుమ హెడ్ గాస్కెట్ (హెడ్‌కి కింది బ్లాక్‌కి మధ్యల ఉండే సీలు) పోయిందని. హెడ్ దించి స్కేల్ పెట్టి సందు కొలిచే ఫీలర్ గేజ్‌తోని చూస్తే కొంచెం వంగింది, లేత్ షాపుల ఫేసింగ్ కొట్టిచ్చి, అంటే అడుగు సాపు చేపిచ్చి, క్రాక్ ఉందేమో ప్రెషర్ టెస్ట్ చేపిచ్చి, కొత్త గాస్కెట్ కొత్త హెడ్ బోల్టులు ఏసి ఎక్కిచ్చిండు. మంచిగనే నడుస్తుంది. బోల్టులు పాతవే ఏస్త అంటే ఒప్పుకోకు, చానా బండ్లల్ల అవి బిగిస్తే సాగుతయ్, మళ్ల వాడొద్దు.

రెడ్ పడ్డంక ఎంతసేపు నడిపినవో నువ్వు రాయలే, అసలు లెక్కంత దాని మీదనే ఉంటది. అల్యూమినియం హెడ్ ముందు వంగుతది. అయినా ఆపకుండ తోలితే పిస్టన్లు బోర్‌ని, అంటే సిలిండర్ లోపలి గోడని, గీకుతయ్, రింగులు పోతయ్, ఇంక గాస్కెట్‌తోని పని కాదు, బోర్ చేపియ్యాలె లేకుంటే హాఫ్ ఇంజిన్ (హెడ్ లేకుండ కింది బ్లాక్ భాగం) ఏయాలె. ఆయిల్ క్యాప్ కింద పాలు ఎక్కువైన చాయ్ రంగు కనపడితే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఆయిల్‌ల కలుస్తున్నట్టు, స్టార్ట్ కూడా చెయ్యకు.

ఇంకోటి, హీట్ ఎందుకెక్కిందో తేల్చకుండ ఏ ఇంజిన్ ఏసినా అది కూడా ఉడుకుతది. మాదాంట్ల ఫ్యాన్ రిలే పోయింది, దానికితోడు పాత ఓనర్ బోరుబావి నీళ్లు పోస్కుంట నడిపిండు, రేడియేటర్ లోపలంత సున్నం. రేడియేటర్ క్యాప్ కూడా చూపియ్యి, ఆ ప్రెషర్ ఉంటెనే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు. మన ఎండలకి థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) ఎందుకు, తీసేస్త అనేటోళ్లు కూడా ఉంటరు, వాళ్ల మాట వినకు.

దెబ్బ సిలిండర్ బోర్ దాకా పోయి ఉంటే మాత్రం నేనైతే ఆగి ఆలోచిస్త. నీ ఆర్‌సీ 15 ఏండ్లు 2027ల అయిపోతయ్, తర్వాత ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ అన్నీ ఉంటయ్, బాడీ తుప్పు పట్టి ఉంటే అంత పైస పెట్టుడు దండగ. ఇంజిన్ మారుస్త అంటే పాత స్పేర్ పార్ట్లు దొరికే పుత్లీబౌలిల అడుగు, కని బిల్లు, ఆ ఇంజిన్ దించిన బండి ఆర్‌సీ కాపీ లేనిది తీస్కోకు. కొత్త ఇంజిన్ నంబర్ ఆర్‌టీఏల ఆర్‌సీ మీద ఎక్కియ్యాలె, ఇన్సూరెన్సోళ్లకు కూడా చెప్పాలె. హాఫ్ ఇంజినే కదా అనుకోకు, చానా బండ్లకు నంబర్ బ్లాక్ మీదనే కొట్టి ఉంటది.