మా నాయన తాగకుండా పక్కకు అందించిన గ్లాసు

"మా వీధిలో క్రైస్తవుల ఇళ్ల తలుపుల మీద, ఆటోల వెనుక ‘యేసు రక్తమే జయం’ అని రాసి ఉంటుంది. రక్తాన్ని ఇంతగా ఎందుకు తలుచుకుంటారు? దానిలోని ఆధ్యాత్మికమైన అర్థం ఏమిటి?" అని మీరు అడిగారు. నేను బోధకుణ్ణి కాను. దేవరకొండకు దగ్గరలోని ఒక పల్లెలో, మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన ఇంట్లో పుట్టి పెరిగి, బడిలో తెలుగు చెబుతూ బతుకుతున్నవాణ్ణి. అయినా ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసునని గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే దానిని నేను మొదట మా నాయన చేతిలో చూశాను, గ్రంథంలో చదివింది ఆ తర్వాతనే.

ముందుగా ఆ నినాదం సంగతి. బైబిలులోని ప్రకటన గ్రంథం 12వ అధ్యాయం 11వ వచనంలో విశ్వాసులు గొర్రెపిల్ల, అంటే క్రీస్తు, రక్తాన్ని బట్టి, తాము ఇచ్చిన సాక్ష్యాన్ని బట్టి అపవాదిని, అంటే సాతానును, జయించారని ఉంది. తలుపుల మీది మాట అక్కడిదే. అయితే అదే వచనం చివర, వారు మరణం వరకు తమ ప్రాణాలను ప్రేమించినవారు కారని కూడా ఉంది. దానికి పైవచనంలో ఆ అపవాదిని వర్ణిస్తూ, రాత్రింబగళ్లు దేవుని ఎదుట మన సహోదరుల మీద నేరం మోపేవాడు అని చెప్పారు. అంటే ఆ జయం పక్కింటివాడి మీద కాదు, దారిలో ఎదురయ్యే అపశకునాల మీద కాదు, సహోదరుని మీద మోపే నేరం మీద. స్టిక్కరు మీద ఈ రెండు మాటలకు చోటు ఉండదు. చోటు లేకపోవడం వల్లనే మనవాళ్లు ఆ మాటను రక్షరేకులాగా వాడుకుంటున్నారని నా బాధ.

రక్తం ప్రాణమన్న సంగతి మా ప్రాంతంవారికి ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. పోచమ్మకో మైసమ్మకో యాటను కోసిన రోజు, నెత్తురు కలిపిన అన్నాన్ని పొలిమేర చుట్టూ ‘పొలి’ చల్లుతూ తిరగడం నేను చిన్నప్పుడు చూశాను. ఆ నమ్మకాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఊరి ప్రాణానికి బదులు ఒక ప్రాణం ఇవ్వాలన్న గట్టి ఆలోచన అందులో ఉంది. లేవీయకాండం 17వ అధ్యాయం 11వ వచనం చెప్పేది కూడా దానికి దూరమైనది కాదు. దేహానికి ప్రాణం రక్తంలో ఉంది కనుక, ప్రాయశ్చిత్తం కోసం బలిపీఠం మీద పోయడానికి దానిని మీకు ఇచ్చానని దేవుడు అక్కడ అంటాడు. యాట నెత్తురును గిన్నెలో పట్టి, గడ్డకట్టినాక ముక్కలు కోసి వండే కూరను మా దిక్కు ‘నల్ల’ అంటారు. మా అవ్వ విశ్వాసంలోకి వచ్చిన తర్వాత బతికినంత కాలం నల్ల ముట్టలేదు. యెరూషలేములోని అపొస్తలులు అన్యజనులలో నుండి వచ్చిన విశ్వాసులకు రక్తాన్ని విసర్జించమని రాసి పంపిన మాట అపొస్తలుల కార్యముల 15వ అధ్యాయంలో ఉందని ఆమెకు తెలియదు, ఎందుకంటే ఆమెకు చదువు రాదు. "అది పానం బిడ్డా, పానం ఇచ్చినోనిది" అని మాత్రం అనేది. వేదాంత కళాశాలలో చదివి వచ్చినవారి నోట కూడా ఇంత సూటి మాట నేను వినలేదు.

అయితే మా అవ్వకు ఆ సువార్తలో కొత్తగా తోచింది ఒకటుంది. ఇక్కడ బలిని మనిషి తేవడం లేదు, దేవుడే తెస్తున్నాడు. పైగా ఏటేటా తేవలసిన అవసరం లేదు. ఎద్దుల రక్తం, మేకల రక్తం పాపాలను తీసివేయడం అసాధ్యమని, క్రీస్తు తన స్వరక్తంతో ఒక్కసారే పరిశుద్ధస్థలంలో ప్రవేశించాడని హెబ్రీ పత్రిక 9, 10 అధ్యాయాలు చెబుతాయి. ఆ రక్తం గురించి సంఘాల మధ్య వాదాలు లేకపోలేదు. నల్గొండ మేత్రాసనంలోని (బిషప్పు పరిధిలోని) కతోలికులు దివ్యబలి అనే తమ ఆరాధనలో ద్రాక్షారసం నిజంగా క్రీస్తు రక్తంగా మారుతుందని నమ్ముతారు, మేము దానిని ఆయన మరణాన్ని జ్ఞాపకం చేసుకునే గురుతుగా తీసుకుంటాం. నాకు ఈ వాదం కన్నా, ఆ పాత్రను పట్టుకున్నవాడు తర్వాత ఏమి చేశాడన్నదే ముఖ్యం.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ మధ్య కొత్త బండి కొంటే రక్తం, ఇల్లు మారితే రక్తం, పిల్లవాడికి పరీక్ష ఉంటే రక్తం అంటూ మైకుల్లో గొంతు చించుకునే ప్రార్థనలు ఎక్కువయ్యాయి. ప్రార్థించిన నూనె సీసాను ‘రక్తపు కాపుదల’ పేరుతో అమ్మేవారిని కూడా చూశాను. నిర్గమకాండం 12వ అధ్యాయంలో ద్వారబంధాలకు పూసిన గొర్రెపిల్ల రక్తం ఆ ఇంటిని కాపాడలేదా అని వారు అడుగుతారు. కాపాడింది, కాదనను. కానీ ఆ రాత్రి లోపల ఉన్న ఇశ్రాయేలీయులు నడుము కట్టుకొని, చెప్పులు తొడుక్కొని, చేతికర్ర పట్టుకొని, త్వరత్వరగా భోజనం చేశారని అదే అధ్యాయంలో ఉంది. ఐగుప్తు దాస్యంలో నుండి బయలుదేరబోయేవారి తలుపుకు పూసిన రక్తం అది. దానిని ఉన్నచోటనే, ఉన్న పగలతోనే హాయిగా కూర్చుండడానికి తాళంకప్పలాగా వాడుకోవడం నాకు ఎంత మాత్రం సమ్మతం కాదు.

ఇక నేను చూసిన సంగతి. 1986వ సంవత్సరం, యాసంగి కాలం. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా నాయనకు, చిన్నాయనకు ఉమ్మడి బావి, ఐదు హార్స్‌పవర్ మోటారు ఒక్కటే. నీళ్లు అడుగంటినందువల్ల ఎవరి వంతు ఎప్పుడన్న దాని మీద మాటామాటా పెరిగి, ఒకనాటి పొద్దున మా నాయన చేతిలోని ముల్లుకర్రను తిరగేసి చిన్నాయన నుదుటి మీద కొట్టాడు. ఎడమ కనుబొమ చీలింది. నెత్తురు చెంప మీదుగా కారి, స్టార్టర్ డబ్బా బిగించిన చెక్క మీద, కింద తడిసిన ఎర్రమట్టిలో పడింది. చిన్నాయనను ఎవరో సైకిలు మీద కూర్చోబెట్టుకొని డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. నాలుగు కుట్లు పడ్డాయి. వాళ్లు పోయాక మా నాయన చాలాసేపు అక్కడే నిలబడి, తర్వాత చెక్కను నీళ్లతో కడిగి, పార తీసుకొని ఆ మట్టిని తిరగేశాడు. తిరగేసిన చోటనే మళ్లీ మళ్లీ తిరగేయడం నాకు ఇప్పటికీ కళ్లముందు కనబడుతుంది.

పెద్దమనుషులు కూర్చుండి మా నాయనకు దండుగ వేశారు. మారు మాట్లాడకుండా కట్టాడు. ఊరి లెక్కలో తగాదా అక్కడితో తీరింది.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, అంటే క్రీస్తు మరణాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. అప్పట్లో అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, ఎండుద్రాక్షలను రాత్రంతా నానబెట్టి, పిసికి, తెల్లగుడ్డలో వడగట్టిన రసాన్ని ఒకే స్టీలు గ్లాసులో పోసేవారు. జంపఖానా మీద మగవారు ఒక వైపు, ఆడవారు ఒక వైపు కూర్చుంటే, ఆ గ్లాసు చేతి నుండి చేతికి పోయేది. తాగినవాడు తువ్వాల కొసతో అంచు తుడిచి పక్కవాడికి అందించేవాడు. ఇప్పుడు వేలెడంత ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి, ఎవరిది వారికి పళ్లెంలో వస్తుంది. శుభ్రత కోసమని అంటారు, నేను కాదనను. కానీ పక్కవాడి చేతి నుండి తీసుకొని పక్కవాడి చేతికి ఇవ్వడంలో ఒక పరీక్ష ఉండేది, అది పోయింది. గుడిసెల కాలంలో కులం అడగకుండా ఒకే గ్లాసు తాగడమే ఎందరికో మొదటి సువార్త అయ్యిందని నా నమ్మకం. క్రీస్తు రక్తం దూరస్థులను సమీపస్థులుగా చేసి, మధ్యగోడను పడగొట్టిందని ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో ఉన్నది చదవడం వేరు, ఆ గోడ మీ పెదవుల దగ్గర పడిపోవడం వేరు.

దండుగ కట్టిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం పాస్టరు అయ్యగారు ఎప్పటిలాగానే మొదటి కొరింథీ 11వ అధ్యాయం చదివారు. ప్రతి మనిషి తనను తాను పరీక్షించుకొని ఆ రొట్టె తిని, ఆ పాత్రలోనిది తాగాలన్న మాట దగ్గర మా నాయన తల వంచుకున్నాడు. రొట్టె ముక్కల పళ్లెం వస్తే ముట్టలేదు. గ్లాసు వస్తే రెండు వేళ్లతో అంచు పట్టుకొని, తాగకుండా పక్కవానికి అందించాడు. నిండు సంఘంలో అందరూ చూశారు. మరుసటి నెల కూడా అంతే. ఇంట్లో ఎవరూ అడగలేదు. మా అవ్వ మాత్రం ఆ రోజు అన్నం పెడుతూ, "నీ తమ్ముని ఇల్లు ఏమన్న దేశం అవతల ఉన్నదా?" అన్నది.

ఆ మధ్యాహ్నం నాయన తువ్వాల భుజాన వేసుకొని బయలుదేరితే నేను వెంట నడిచాను. చిన్నమ్మ ఏమీ అనకుండా చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది. నాయన ఆ చెంబు ముట్టుకోకుండా కూర్చున్నాడు. చాలాసేపటికి చిన్నాయనే మాట్లాడాడు.

"దండుగ కట్టినవు గదన్నా, ఇంకేం బాకీ ఉన్నది?"

"అది ఊరికి కట్టిన. నీకు కట్టలే."

"నువ్వు ఇంత దాంక నడిచి వచ్చినంక ఇంక నాకేం కట్టేది లేదు. నేను ఇడిసిపెట్టిన."

ఆ తర్వాత మాటల మధ్య, దెబ్బ తగిలినప్పటి నుండి కళ్లు తిరుగుతున్నాయని, రాత్రిపూట బావి దగ్గరికి పోవాలంటే భయంగా ఉందని చిన్నాయన చెప్పాడు. త్రీఫేజు కరెంటు రాత్రి పదకొండు గంటలకు వచ్చి తెల్లవారకముందే పోయే రోజులవి. చీకట్లో పాములుంటాయి, తడి చేతితో స్టార్టర్ ముట్టుకోవాలి. రాత్రి వంతులన్నీ ఇక తనవేనని, పగటిపూట ఎప్పుడైనా కరెంటు వస్తే ఆ నీళ్లు తమ్ముడివని నాయన అక్కడే చెప్పి లేచాడు. అది క్షమాపణకు వెల కాదని గమనించమని కోరుతున్నాను. క్షమాపణ అంతకు ముందే వచ్చేసింది, ఉచితంగా వచ్చింది. దానిని పొందినవాడు ఖాళీ చేతులతో కూర్చోలేకపోయాడు, అంతే.

ఆ రాత్రుల్లో నేను లాంతరు పట్టుకొని నాయన వెంట పోయేవాణ్ణి. ఒకసారి ధైర్యం చేసి, గ్లాసు ఎందుకు తాగలేదని అడిగాను. ఆయన మడికి నీళ్లు మళ్లిస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు: "అండ్ల ఉన్నది నా కోసం కార్చిన నెత్తురు. నా చేతికున్నది నేను కార్చిన నెత్తురు. రెండు ఒక్క చేతిల ఎట్ల పట్టాలె బిడ్డా?"

ఆదికాండం నాలుగో అధ్యాయంలో, తమ్ముడు హేబెలును చంపిన కయీనుతో దేవుడు, నీ తమ్ముని రక్తపు స్వరం నేలలో నుండి నాకు మొరపెడుతున్నదని అంటాడు. మట్టి ఎంత తిరగేసినా ఆ స్వరం ఆగదు. నాయన పార పట్టుకొని అంతసేపు చేసింది ఆ స్వరాన్ని పూడ్చడానికేనని నేను చాలా ఏళ్లకు అర్థం చేసుకున్నాను. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం 24వ వచనం, క్రీస్తు ప్రోక్షణ రక్తం (చిలకరించిన రక్తం) హేబెలు రక్తం కన్నా శ్రేష్ఠంగా మాట్లాడుతుందని చెబుతుంది. హేబెలు రక్తం న్యాయం అడిగింది, అడగడం తప్పు కాదు. క్రీస్తు రక్తం న్యాయాన్ని తన మీద వేసుకొని, ఇడిసిపెట్టిన అంటుంది. మీరు అడిగిన ఆధ్యాత్మికమైన అర్థం నాకు తెలిసి ఇదే. ఆ ఒక్క మాటను నేను మొదట విన్నది గుడిలో కాదు, నుదుటికి కట్టు కట్టుకొని ఉన్న మా చిన్నాయన నోట.

మా సంఘాల మూలం కూడా ఈ సంగతికి దూరం కాదు. మెన్నోనైట్లు తరతరాలుగా ఆయుధం పట్టరాదని, యుద్ధానికి పోరాదని నమ్మినవారు. ఆ నమ్మకం కోసం దేశాలు విడిచి వలసపోయినవారు. వారి నుండి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ ప్రాంతాలకు ఆసుపత్రి, బడి, గుడి అన్నీ వచ్చాయి కానీ, ఈ ఒక్క బోధ మాత్రం మా గుళ్లలో ఎక్కువగా వినబడదు. క్రీస్తు రక్తాన్ని గురించి వందల పాటలు పాడే మేము, సహోదరుని రక్తం గురించి ఏడాదికి ఒక్క ప్రసంగమైనా చేసుకోవాలని నేను సంఘ పెద్దలను ఎన్నోసార్లు అడిగాను, ఇంకా అడుగుతూనే ఉన్నాను.

చిన్నాయన ఇంటికి పోయి వచ్చిన తర్వాతి మొదటి ఆదివారం, అన్నదమ్ములు పక్కపక్కన కూర్చున్నారు. గ్లాసు వచ్చింది. నాయన దానిని రెండు చేతులతో పట్టుకొని కళ్లు మూసుకొని తాగాడు. తువ్వాల కొసతో అంచును ఒకసారి తుడిచి, ఎందుకో మళ్లీ ఒకసారి తుడిచి, తమ్ముడికి అందించాడు. చిన్నాయన తాగడానికి తల ఎత్తినప్పుడు, కుట్లు పడిన చోట కనుబొమ వెంట్రుకలు ఇంకా మొలవలేదని నేను చూశాను.