ఎడారి నేల మీద పెరిగే సజీవ పొర వాననీటిని ఇంకనిస్తుందా, ఆపుతుందా?

మీరు మూడు అడిగారు. ఎడారుల్లో నేల మీద పెరిగే బయోక్రస్ట్ అనే సజీవ పొర వల్ల నీరు ఇంకుతుందా, జారిపోతుందా (రెండు రకాలుగానూ చదివానన్నారు)? జారిపోయేటట్లయితే దాన్ని గీకేస్తే పోలేదా? భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద అక్కడక్కడా కనిపించే నల్లటి పొర కూడా అదేనా? నేనుండేది విశాఖలోనే అయినా, ఉద్యోగం కొత్తలో జోధ్‌పూర్ వైపు ఇసుక నేలల్లో నీటి ఇంకుడు కొలిచే పని చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఆ పొర గురించి. ఎండతో ఆహారం తయారుచేసుకునే సయనోబాక్టీరియా, శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే లైకెన్లు, నాచు, శిలీంధ్రాలు కలిసి నేల పైభాగాన్ని కొన్ని మిల్లీమీటర్ల మందాన పట్టి ఉంచుతాయి. ప్రపంచంలోని నేలలో సుమారు 12 శాతం మీద ఇది ఉందని అంచనా. ఎండాకాలంలో చూస్తే బూడిదరంగు అట్టలా ఉంటుంది, ప్రాణమున్నదంటే నమ్మలేం. ఒక పెచ్చు లేపి తిరగేయండి, అడుగున సన్నటి పోగులకు ఇసుక రేణువులు వేలాడుతూ కనిపిస్తాయి. పైన నాలుగు చుక్కల నీళ్లు వేసి కాసేపు ఆగితే పచ్చదనం తేలుతుంది. లోపల దాక్కున్న మైక్రోకోలియస్ అనే సయనోబాక్టీరియా పోగులు తడి తగలగానే పైకి పాకుతాయి మరి.

అసలు తిరకాసు ఈ పోగులు వదిలే జిగురుతో వస్తుంది. తడిస్తే అది ఉబ్బుతుంది. ఇసుకలో రేణువుల మధ్య ఖాళీలు పెద్దవి కాబట్టి మామూలుగా నీరు గబగబా దిగిపోవాలి. కానీ జిగురూ, పొర పట్టుకున్న సన్నటి దుమ్మూ కలిసి ఆ ఖాళీలను మూసేస్తాయి. అందుకే వేడి ఎడారుల్లో, నున్నటి పొర కట్టిన ఇసుక మీద, నీరు ఇంకడం తగ్గి జారడం పెరుగుతుంది. బంకమట్టి, ఒండ్రు నేలల్లో కథ వేరు. వాటిని వాన చినుకులే కొట్టి కొట్టి గట్టిపరుస్తాయి. పైన పొర ఉంటే ఆ దెబ్బ తగలదు, కాబట్టి ఇంకుడుకు మేలే జరగొచ్చు. ఇక అమెరికాలో కొలరాడో పీఠభూమి లాంటి చల్లని ఎడారుల్లో చలికాలం నేలలో నీరు గడ్డకట్టి పొరను బుడిపెలుగా పైకి నెడుతుంది. ఆ గతుకుల్లో నీరు ఆగి ఆగి ఇంకుతుంది. మీరు చదివిన రెండు మాటలూ నిజమే, కాకపోతే రెండు వేర్వేరు ఎడారులవి.

ఈ ఇంకుడు కొలవడంలో ఒక మెలిక ఉంది. ఇనుప రింగు దిగ్గొట్టి నీళ్లు పోసి స్టాప్‌వాచ్ పట్టుకుంటాం కదా, పొడిగా ఉన్న పొర రింగు అంచున పగిలి, నీరంతా ఆ పగుళ్లలోంచి దిగిపోతుంది. అప్పుడు పొర నీటిని ఆపదనే లెక్క వస్తుంది. చుట్టూ కాస్త తడిపి మెల్లగా దించితేనే అంకెకు విలువ.

ఇక గీకేయడం సంగతి. జారే నీరు వృథా అనుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో, నిజ్జానా దగ్గర ఇసుక దిబ్బల్లో ఏడాదికి పడే వానే సుమారు 100 మిల్లీమీటర్లు. అంత తక్కువ వాన అన్నిచోట్లా సమానంగా ఇంకితే ఏ వేరుకూ చాలదు. పొర మీంచి జారి దిబ్బ అడుగున చేరితే అక్కడి పొదలకు పదును దొరుకుతుంది. జైసల్మేర్ రైతుల ఖడీన్లలో జరిగేదీ ఇదే పద్ధతి: మెరక నుంచి జారిన నీటిని పల్లంలో కట్ట వేసి ఆపి, ఆ పదును మీద గోధుమ, శనగ పండిస్తారు. పొర గీకితే ఇసుకలో నీరు బాగానే ఇంకుతుంది, కానీ గాలికి ఇసుక లేస్తుంది, పల్లంలోని పొద ఎండుతుంది. సయనోబాక్టీరియా అయితే కొన్నేళ్లకు తిరిగి వస్తాయి, లైకెన్లకూ నాచుకూ దశాబ్దాలు పట్టొచ్చు.

మన ఎర్రమట్టి దిబ్బలు ఎడారి కాదు, విశాఖలో ఏటా సగటున వెయ్యి మిల్లీమీటర్ల పైమాటే వాన. అక్కడి లోతైన గండ్లు ఆ వాన కోసినవే. కాబట్టి ఎడారి లెక్కలు ఇక్కడ అతికించకండి. మీరు చూసిన నల్లపొరకు ప్రాణముందో లేదో తెలియాలంటే, దారిలో రాలి పడిన పెచ్చును అక్కడే సీసా మూతలో నీళ్లు పోసి వేయండి. ఉత్త మట్టిపెళ్ల అయితే సాధారణంగా కాసేపట్లో విచ్చిపోతుంది. పోగులు పట్టి ఉంచినదైతే విడిపోకుండా నిలుస్తుంది. దిబ్బ నుంచి మాత్రం పెచ్చు లేపకండి, అది రక్షిత భూవారసత్వ స్థలం.