చలికాలమంతా ఇంట్లో ఉన్న కరివేపాకు చెట్టును బయట ఎప్పుడు పెట్టాలి?

చలి దేశాలకు కొత్తగా వచ్చినవారు కుండీల్లో పెంచుకునే కరివేపాకు, నిమ్మ, జామ, మల్లె వంటివి శీతకాలాన్ని కిటికీ పక్కన ఎలాగో నెట్టుకొచ్చి, తీరా వసంతంలో బయట పెట్టిన వారానికే ఆకులు మాడి రాలిపోవడం తరచుగా చూస్తున్నాను. అందరూ చలినే తప్పుపడతారు గాని, చాలాసార్లు అసలు దెబ్బ ఎండ వల్లే తగులుతుంది. అందుచేత ఏ రోజు బయట పెట్టాలన్నది రాత్రి చలిని బట్టి, ఏ చోట పెట్టాలన్నది ఎండను బట్టి నిర్ణయించుకోవాలి.

ముందుగా, ఏ రోజన్న సంగతి. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వెచ్చబడిందని తొందరపడకండి. పగలు 20 డిగ్రీల సెల్సియస్ ఉన్నా, మబ్బూ గాలీ లేని రాత్రి నేలలోని వేడి ఆకాశంలోకి పోయి, తెల్లవారేసరికి గడ్డి మీద మంచు పేరుకోవచ్చు. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే, అంటే 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే, దిగదని వాతావరణ సూచన వరుసగా వారం పది రోజులకు చెబుతున్నప్పుడే కుండీని కదిలించండి. 13 డిగ్రీల వరకు ఆగగలిగితే మరీ మంచిది. 10 డిగ్రీల కంటే కాస్త చల్లని రాత్రుల్లో కరివేపాకు వెంటనే చచ్చిపోదు గాని, ఎదుగుదల ఆగి, ఆకులు పసుపుబారి రాలతాయి. ఫోనులో కనిపించే అంకె మీ పెరటిది కాదని కూడా గుర్తుంచుకోండి. పల్లంలో ఉన్న పెరడు దానికంటే చల్లగా, గోడ వారనున్న బాల్కనీ కాస్త వెచ్చగా ఉంటాయి.

ఇక ఎండ. నడిఎండలో వెలుతురు సుమారు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, కిటికీకి కొన్ని అడుగుల లోపల వెయ్యి లక్స్ కూడా ఉండకపోవచ్చు. పైగా కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్లో యూవీ-బీ అనే భాగాన్ని చాలావరకు ఆపేస్తుంది. అటువంటి చోట పుట్టిన ఆకు పలుచగా, నీడకు తగినట్టుగా తయారవుతుంది. దాన్ని ఒక్కసారిగా ఎండలో నిలబెడితే మొదట ఆకు ఈనెల నడుమ వెలిసిపోయినట్టు తెల్లని మచ్చలు పడి, రెండు మూడు రోజుల్లో అవి గోధుమ రంగుకు మారి, పట్టుకుంటే కాగితంలా చిట్లుతాయి. ఆ మచ్చలు మళ్లీ పచ్చబడవు. అయినా ఆకును తుంచకండి, మిగిలిన పచ్చటి భాగం చెట్టుకు ఇంకా ఆహారం తయారుచేస్తూనే ఉంటుంది.

అందువల్ల మొదటి మూడు నాలుగు రోజులు పూర్తి నీడలో ఉంచాలి. ఆ తరువాత పొద్దుటి ఎండ ఒక గంట తగలనిచ్చి, రోజురోజుకూ కొంత పెంచుతూ, పది పద్నాలుగు రోజులకు చెట్టు ఉండవలసిన చోటికి చేర్చాలి. తూర్పు వైపు ఇందుకు అన్నిటికంటే అనువైనది. పడమటి గోడ దగ్గర ఎండకు కాంక్రీటు వేడి కూడా తోడవుతుంది కాబట్టి అక్కడికి చివరనే తీసుకువెళ్లండి. మబ్బు పట్టిన రోజున మొదలుపెట్టడం మంచిదే గాని, మబ్బును నమ్ముకొని ఆరుబయట వదిలేస్తే అది విడిపోయిన గంటలోనే నష్టం జరగవచ్చు.

చలికాలంలో ఆకులన్నీ రాల్చి మోడైన కరివేపాకును పారేయకండి. గోరుతో బెరడును కొద్దిగా గీకినప్పుడు లోపల పచ్చగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. నిజానికి బయటికి మారడం అటువంటి చెట్టుకే సులువు, ఎందుకంటే దాని కొత్త చిగుళ్లు బయటి వెలుతురులోనే పుట్టి దానికి అలవాటు పడతాయి.

బయట గాలికి కుండీ త్వరగా ఆరిపోతుంది. వేలు రెండంగుళాలు దించి, పొడిగా తగిలితేనే నీరు పోయండి. అడుగున ఉన్న పళ్లెం తీసేయడం తప్పనిసరి, లేకుంటే వాన నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి, దోమలూ చేరతాయి. పెద్ద కుండీని నీరు పోయకముందే జరిపితే బరువు తగ్గుతుంది. పొడవుగా ఎదిగిన చెట్టు గాలికి పడిపోకుండా గోడ మూలన నిలపండి.

బయటికి తెచ్చిన రోజే ఆకుల అడుగుభాగం పరిశీలించండి. పొడి గాలి ఉన్న ఇళ్లలో ఎర్రనల్లి, పొలుసు పురుగు సులభంగా పెరుగుతాయి. ఆకులు జిగటగా ఉంటే రసం పీల్చే పురుగు ఉన్నట్టే. గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టి కడిగితే ఎర్రనల్లి చాలావరకు పోతుంది, అంటుకొని ఉండే పొలుసు పురుగును మాత్రం గీకి తీయాలి. వేపనూనె చల్లదలిస్తే సాయంత్రం పూటే చల్లాలి, ఎండలో చల్లితే ఆకులు మాడతాయి. ఎరువు వేయడం, కుండీ మార్చడం కొత్త చిగురు కనిపించాకే చేయండి. చోటు మారిన వారంలోనే ఇవన్నీ కలిపి చేస్తే చెట్టు తట్టుకోలేదు.

మధ్యలో ఒక రాత్రి చలి తిరగబెడితే కుండీని గ్యారేజీలోకి జరపండి. రెండు రోజుల పాటు వెలుతురు తగ్గినా నష్టం లేదు, కాకపోతే అంతకంటే ఎక్కువ రోజులు లోపల ఉంచవలసి వస్తే నీడ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.