ఒకే ముప్పు, రెండు దేశాలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: వాతావరణ మార్పును తట్టుకునే శక్తిలో రెండు దేశాలను పోల్చి వ్యాసం రాయమన్నారు. నెదర్లాండ్స్, బంగ్లాదేశ్ తీసుకున్నాను. తలసరి ఆదాయం చూపించి నెదర్లాండ్సే మేలని తేల్చేస్తే సరిపోతుందా?
— డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: సరిపోదమ్మా. ఎంపిక మాత్రం బాగుంది. రెండూ నదులు సముద్రంలో కలిసే పల్లపు నేలలే, రెండింటికీ ముంపు భయమే. ముప్పు ఒకటైతేనే పోలిక నిలబడుతుంది.

ముందు అమెరికాలోని నోటర్ డేమ్ యూనివర్సిటీ ఇచ్చే ఎన్‌డీ-గెయిన్ సూచీ చూడండి. అందులో రెండు అంకెలుంటాయి. ఒకటి దెబ్బ తినే గుణం. తిండి, నీళ్లు, ఆరోగ్యం, ప్రకృతి, నివాసం, వసతులు చూసి లెక్కగడతారు. రెండోది సంసిద్ధత. ఆర్థికం, పాలన, సమాజం చూసి ఇస్తారు. రెండూ 0 నుంచి 1 మధ్యే. సంసిద్ధతలోంచి దెబ్బ తినే గుణాన్ని తీసేసి, 1 కలిపి, 50తో గుణిస్తే స్కోరు. ఉదాహరణకు సంసిద్ధత 0.4, దెబ్బ తినే గుణం 0.5 అనుకుంటే స్కోరు 45. మొదటి అంకె పెద్దదైతే మంచిదనుకుని చాలామంది బోల్తా పడతారు. ర్యాంకుతోనూ జాగ్రత్త: స్కోరు పెరిగినా, పక్క దేశాలు ఇంకా వేగంగా పెరిగితే ర్యాంకు కిందికి పోతుంది.

అసలు విషయం ఆ తర్వాతే. 1953 వరదలో నెదర్లాండ్స్‌లో 1,836 మంది చనిపోయారు. ఆ దెబ్బతో సముద్రానికి అడ్డుకట్టలు మొదలుపెట్టారు. 1997లో రాటర్‌డామ్ దగ్గర పూర్తయిన గేట్లు ఒక్కోటి 210 మీటర్ల పొడవు. నా లెక్కలో మాత్రం గేట్ల కన్నా అక్కడి నీటి బోర్డులే గొప్ప. వాటికి ఎన్నికలున్నాయి, సొంత పన్నుంది. కట్ట మరమ్మతుకు ఎవరి గ్రాంటు కోసమో ఎదురుచూడక్కర్లేదు.

బంగ్లాదేశ్‌కు అంత డబ్బు లేదు. 1970 తుపానులో కనీసం 3 లక్షల మంది పోయారు. 1972లో తుపాను హెచ్చరికల కార్యక్రమం మొదలైంది. ఊరూరా వాలంటీర్లు జెండాలు ఎగరేసి, మైకుల్లో చెప్పి జనాన్ని కదిలిస్తారు. స్తంభాల మీద కట్టిన షెల్టర్లలో చాలావాటిలో మామూలు రోజుల్లో బడి నడుస్తుంది. 2007లో సిడర్ తుపాను వచ్చినప్పుడు మృతులు సుమారు 3,400. అదీ తక్కువేం కాదు, కానీ తేడా చూడండి. అయితే ఇళ్లు, పశువులు, ఉప్పునీళ్లు ఎక్కిన పొలాలు మాత్రం దక్కలేదు. అందుకే మీ పట్టికలో ప్రాణాలు కాపాడే శక్తికి ఒక వరుస, బతుకుదెరువు కాపాడే శక్తికి మరో వరుస పెట్టండి. ఈ రెండూ కలిపేస్తే బంగ్లాదేశ్‌కు అన్యాయం చేసినట్టే.

ప్రశ్న: మన దేశం స్కోరు చూస్తే మా శెనక్కాయ పంట సంగతి తెలుస్తుందా?
— రైతు, కళ్యాణదుర్గం

జవాబు: తెలియదండి. దేశం సగటులో గోదావరి కాలువ కింది వరిమడీ, మీ ఎర్రనేలా ఒకటైపోతాయి. మీరు చూసుకోవాల్సింది వేరే: ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు బెట్ట పడితే ఒక్క తడి ఇవ్వగలరా? ఎకరాకు 10 మిల్లీమీటర్ల తడికి సుమారు 40,000 లీటర్లు కావాలి, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. పంట కుంటలో ఆ సమయానికి అన్ని నీళ్లు మిగలాలి. ఎర్రనేలలో నీళ్లు త్వరగా ఇంకిపోతాయి కాబట్టి అడుగుకూ, గట్లకూ సిమెంటు కలిపిన మట్టి పూత వేయించండి. తర్వాత ఇంజను, పైపులు, స్ప్రింక్లర్లు ముందే సరిచూసుకోండి. బెట్ట మొదలయ్యాక బాడుగకు దొరకడం కష్టం.