ఏఈఎస్ సంగతి తర్వాత, ముందు ర్యాండమ్ సంఖ్య ఎక్కడిది?

ఆపరేటింగ్ సిస్టమ్ లేని మైక్రోకంట్రోలర్‌కు (పరికరాల్లో ఉండే చిన్న కంప్యూటర్ చిప్‌కు) సొంత క్రిప్టోగ్రఫీ లైబ్రరీ రాస్తున్నానని, గుప్తీకరణ పద్ధతుల్లో ఏఈఎస్‌తో మొదలుపెట్టాలా ఆర్‌ఎస్‌ఏతోనా అని అడిగారు. రెండింటితోనూ వద్దు. ముందు మీ బోర్డుకు, రహస్య కీలకు మూలమైన ర్యాండమ్ (ఎవరూ ఊహించలేని) సంఖ్య ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోండి. అది తేలనిదే మిగతాదంతా అలంకారమే.

వ్యవసాయ మోటార్లను ఫోనుతో నడిపే స్టార్టర్లు తయారుచేసే ఒక చిన్న సంస్థలో ఫర్మ్‌వేర్ పని చేశాను. నేను చేరేనాటికే లైబ్రరీ సిద్ధంగా ఉంది, పరీక్షలన్నీ పాసయ్యేవి. ఒకరోజు రెండు కొత్త బోర్డులను బల్ల మీద పక్కపక్కన పెట్టి కరెంటు ఇచ్చాం. సీరియల్ పోర్టు ద్వారా ఒక్కో తెర మీద, రహస్య కీ నుంచి పుట్టి అందరికీ చూపే పబ్లిక్ కీ ఒక్కోటి వచ్చింది. పక్కనున్న కుర్రాడు తన తెర మీది మొదటి నాలుగు అక్షరాలు చదివాడు. తర్వాతి నాలుగు నా తెర చూసి నేను చెప్పాను. మొత్తం 64 అక్షరాలూ ఒకటే!

లైబ్రరీ ర్యాండమ్ బైట్లు అడిగిన చోట ఎవరో టైమర్ విలువను సీడ్‌గా, అంటే ఆ బైట్లన్నీ పుట్టే విత్తుగా, ఇచ్చి వదిలేశారు. ఆ టైమర్ కరెంటు వచ్చినప్పుడల్లా సున్నా నుంచే మొదలవుతుంది. కీ తయారయ్యేదాకా నడిచే కోడూ అన్ని బోర్డుల్లో అదే. ఊరంతటికీ ఒకే తాళంచెవి అన్నమాట. పెద్ద కంపెనీలూ దీనికి అతీతం కాదు. 2012లో క్రిప్టోగ్రఫీ పరిశోధకురాలు నాదియా హెనింగర్ బృందం ఇంటర్నెట్‌ను గాలిస్తే, బూట్ కాగానే కీలు తయారుచేసుకున్న రౌటర్లు, ఫైర్‌వాల్‌లు ఆర్‌ఎస్‌ఏ కీలోని రహస్యమైన ప్రధాన సంఖ్యలను పంచుకుంటూ దొరికిపోయాయి. వాటిలో చాలావాటికి లినక్స్ ఉండి కూడా!

హార్డ్‌వేర్ ర్యాండమ్ జనరేటర్ ఉన్న చిప్ అడిగితే కొనుగోళ్ల విభాగం నాలుగు రూపాయలు ఎక్కువని ముఖం చిట్లిస్తుంది. డబ్బా మీద మాత్రం ‘బ్యాంకు స్థాయి భద్రత’ అని అచ్చు వేయించేదీ ఆ సంస్థే. ఆ చిప్ దొరక్కపోతే, ఫ్యాక్టరీలోనే ఒక్కో బోర్డుకు ఒక్కో రహస్య సీడ్ ఎక్కించి, ప్రతి బూట్‌కూ దాన్ని మార్చి, కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలో రాయండి.

ఇక ఆల్గోరిదమ్‌లు: గుప్తీకరణకు చాచా20, సందేశాన్ని ఎవరూ మార్చలేదని తేల్చడానికి పోలీ1305, ఇద్దరి మధ్య కీ కుదుర్చుకోవడానికి ఎక్స్25519 చాలు. నడుస్తుండగా మెమరీ అడిగే మాలాక్ వద్దు. పట్టే సమయంలో తేడాలుంటే వాటిని కొలిచి కీని రాబట్టే ప్రమాదం ఉంది; సీ కోడ్‌లో ఇఫ్‌లు తీసేస్తే సమయం స్థిరంగా ఉంటుందని మురిసిపోకండి. కార్టెక్స్-ఎం3 ప్రాసెసర్‌లో 64 బిట్ల ఫలితమిచ్చే గుణకారానికి పట్టే సైకిళ్లు సంఖ్యలను బట్టి మారతాయి. పని అయ్యాక కీని, మెమరీని సున్నాలతో నింపే మెమ్‌సెట్‌తో చెరిపేశామనుకుంటారు, ఆ బఫర్‌ను మళ్లీ ఎవరూ చదవడం లేదని కంపైలర్ ఆ వరుసనే ఎత్తేయగలదు. కంపైలర్ ఇచ్చిన అసెంబ్లీ కోడ్ తెరిచి చూడనివారి భద్రతా ప్రకటనలు నేను నమ్మను.

ఇంకొకటి. పల్లెల్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతుంది. ఒక్కో సందేశానికి ఒక్కసారే వాడాల్సిన సంఖ్య నాన్స్; దాని కౌంటర్ కరెంటు పోతే చెరిగే ర్యామ్‌లో ఉంటే పాత నాన్సే మళ్లీ వాడతారు, చాచా20 ఆ తప్పును క్షమించదు. సందేశానికోసారి ఫ్లాష్‌లో రాస్తే ఫ్లాష్ అరిగిపోతుంది. అందుకే ఒకేసారి వెయ్యి సంఖ్యలు కేటాయించినట్టు ముందే రాసేసి, ఆ తర్వాతే వాడటం మొదలుపెట్టండి. మధ్యలో కరెంటు పోతే మిగిలినవి పోనివ్వండి, 96 బిట్ల నాన్స్‌లో సంఖ్యలకు కరువు లేదు.